నిమ్మకాయ, పుంజు, రెండు లైబ్రరీలు

జగ్గయ్యపేట,
మే 2

ఏసురత్నం బావగారికి వరప్రసాదరావు వందనాలు.

జేబులో ఫోను పెట్టుకుని ఉత్తరం రాస్తున్నాడేంటి, మతి పోయిందా అనుకోకండి. మన మనవరాలు జెరూషా ఇక్కడి లైబ్రరీలో వేసవి శిబిరానికి వెళ్తోంది. ఇంట్లో పెద్దవాళ్ళచేత ఉత్తరం రాయించి పోస్టు చేయించాలట, జవాబు తెప్పించాలట. ముప్పై నాలుగేళ్ళు ఊరి పిల్లలందరికీ హోంవర్కు ఇచ్చా. ఇప్పుడు అనుభవిస్తున్నా.

అనుకున్న ప్రకారమే ఇరవై అయిదున జెరూషాని నందిగామ తెచ్చి దింపుతా. మిగతా సెలవులు అక్కాతమ్ముళ్ళిద్దరూ మీ దగ్గరే. పిల్ల రోజూ మీ దగ్గరున్న తమ్ముడు వెస్లీనే కలవరిస్తోంది.

ఇట్లు,
వరప్రసాదరావు

తా.క.: మీరే వచ్చి తీసుకెళ్ళొచ్చు గానీ, ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి, ఇప్పుడు బస్సెక్కితే వాంతికి జడిసి ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకునే మనిషిని రమ్మనడం పాపం.

నందిగామ,
మే 6

బావగారూ, వందనాలండి.

ఉత్తరం ముట్టింది. ఇక్కడ లైబ్రరీలో వెస్లీకీ ఇదే హోంవర్కు. వాడికి లెక్కలు బాగానే వచ్చు గానీ, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. క్లాసులో ఎవరో నవ్వారని నలుగురిలో నోరు తెరవడమే మానేశాడు. ఈ ఎండాకాలంలోనన్నా దారిలో పడతాడని మా అమ్మాయి శిబిరంలో చేర్పించింది. నాకూ అదే బెంగగా ఉంది.

మీ ఉత్తరం మీద స్టాంపు కావాలని వాడే పట్టుకుపోయాడు.

ఇట్లు,
ఏసురత్నం

తా.క.: నిమ్మకాయ సరే. ఊరంతా హడలే హెడ్‌మాస్టరు పక్కింటి కోడిపుంజుకి జడిసి వెనకసందులోంచి ఇంటికెళ్తాడని నేనెవరికన్నా చెప్పానా?

జగ్గయ్యపేట,
మే 11

ఏసురత్నంగారికి,

చెప్పారు! నిన్న బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే వెనకనుంచి “కొక్కొరొకో” అని కూశారు. తిరిగి చూస్తే నలుగురు పిల్లలు. వాళ్ళ తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ పుంజు సంగతి మా ఆవిడకీ మీకూ తప్ప మూడో మనిషికి తెలీదు. మా ఆవిడ తను చెప్పలేదని బైబిలు మీద చెయ్యేసింది. ఇక మిగిలింది మీరు. ఈ రూట్లో తిరిగే మీ పాత దోస్తుల చేత టాంటాం వేయించారు. తప్పయిందని రాసిందాకా జెరూషా రాదు.

వరప్రసాదరావు

తా.క.: మీ ఉత్తరం అందిన రోజే చించి పారేయబోయా. స్టాంపు కావాలని పిల్ల లాక్కుపోయింది.

నందిగామ,
మే 14

వరప్రసాదరావుగారికి పొడి వందనాలు.

దొంగే దొంగా దొంగా అని అరిచాడట! ఆదివారం చర్చి అయ్యాక చూసుకుంటే నా సంచిలో అయిదు నిమ్మకాయలు. సోమవారం పాలాయన ప్యాకెట్టు మీద ఒకటి పెట్టిచ్చాడు. టీకొట్టు బెన్ని “మీకు లెమన్ టీయేగా అంకుల్?” అంటాడు. నిమ్మకాయ సంగతి మీరు గాక ఇంకెవరు చెప్పారండీ?

నేను తప్పయిందని రాయను. పిల్లని పంపకపోతే మానండి. అక్క రాదేమోనని వెస్లీ అన్నం సరిగ్గా తినట్లేదు. ఆ ఉసురు మీకే.

ఏసురత్నం

తా.క.: పుంజుకన్నా పెద్ద సంగతి ఇంకోటి నా దగ్గరుంది. అది రంగుకి సంబంధించింది. రాయమంటారా?

జగ్గయ్యపేట,
మే 18

ఏసురత్నంగారికి,

మీ బెదిరింపులకి జడిసేవాణ్ణి కాను. ఇరవై అయిదున రెండు లైబ్రరీల శిబిరాలకీ కలిపి నందిగామలో ముగింపు సభ. దానికి ముఖ్య అతిథిగా రమ్మని నాకు కార్డు వచ్చింది. నా ముప్పై నాలుగేళ్ళ సేవ ఎవరో ఒకరికి ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది. వస్తా, శాలువా కప్పించుకుంటా, వెళ్ళిపోతా. మీ గడప తొక్కను. జెరూషాని తీసుకురాను.

వరప్రసాదరావు

తా.క.: రంగు సంగతి రాయొద్దు.

నందిగామ,
మే 21

బావగారికి నిండు వందనాలు.

ముఖ్య అతిథి కార్డు నాకూ వచ్చిందండి.

మీ ఉత్తరం చూసి “మీ అక్క రాదురా” అనేసరికి వెస్లీ భోరుమన్నాడు. “తప్పు నాదే తాతయ్యా” అంటూ నన్ను లైబ్రరీకి లాక్కెళ్ళాడు. గోడ మీద మీ ఉత్తరాలు వరసగా అంటించి ఉన్నాయి. తా.క.ల కింద ఎర్రగీతలు కూడా! హోంవర్కు రాయించడంతో అయిపోలేదు బావగారూ. ఇంటికొచ్చిన ఉత్తరాన్ని అందరి ముందూ నిలబడి చదవాలట. మీరు రాసింది ఇక్కడ వీడు చదివాడు. నేను రాసింది అక్కడ జెరూషా చదివింది. స్టాంపు కావాలనడం వట్టి సాకు!

మొదట్లో పదిమంది పిల్లలు వచ్చేవాళ్ళట. ఇప్పుడు తల్లులూ వచ్చి కూర్చుంటున్నారు. లైబ్రేరియన్ అహల్యగారు నన్ను చూసి, “అప్పుడే రాజీపడకండి సార్, ఇంకో రెండు ఉత్తరాలు కొట్టుకోండి” అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవబోతుంటే వెస్లీ నా చేతిలోంచి మీ ఉత్తరం తీసుకుని, బల్ల పక్కన నిలబడి చదవడం మొదలెట్టాడు. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు. “ముఖ్య అతిథి” కూడా గడగడా చదివేశాడు. తా.క. దగ్గర అందరూ గొల్లుమన్నారు. వాడూ నవ్వాడు. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివాడు. నాకు ఏడుపొచ్చింది బావగారూ. మన పరువు పోతే పోయింది లెండి.

జెరూషాని తీసుకురండి. సభలో మన ఉత్తరాలు మనిద్దరం చదవాలట, శాలువాలు అందుకే. మజ్జిగపులుసు చేయిస్తా. నిమ్మకాయలు మాత్రం తేకండి, ఇంట్లో తట్టెడున్నాయి.

ఇట్లు,
మీ బావ ఏసురత్నం

తా.క.: ఈ ఉత్తరం అక్కడ జెరూషా చదువుతుంది, మీ ఊరంతా వింటుంది. అందుకే మీరు జుట్టుకి వేసుకునే రంగు సంగతి నేను రాయడం లేదు.