ముదీర్ నోట్లె మాట

మల్లేశన్నా,

నువ్వు పరంజ మీదికెల్లి పడి నిన్నటికి ఏడాది. ఈ ఉత్తరం ఏడికి పంపాల్నో తెల్వదు, అయినా రాస్తున్న.

మెస్సుల వీసీఆర్ల జూసిన ఇంగ్లీషు సినిమా యాదికున్నదా? పోరలంత గలిసి గడ్డికొట్టం ఊడ్చి, పాటలు పాడి నాటకమాడిరి. ఒక్క మాట సమజ్ గాకున్నా "మనం గూడ ఆడుదాం" అన్నవు. ప్లైవుడ్ చెక్కలతోని స్టేజి గట్టినవు. మన సైటు ముదీర్, గా అరబ్బు మేనేజరు, అచ్చి దాన్ని కాలుతోని తన్ని "ఖలాస్" అన్నడు. నువ్వు పడ్డనాడు నీ మీద గుడ్డ కప్పంగనే గడియారం జూసి మల్ల గదే మాటన్నడు. "ఖలాస్. యల్లా, పనిల వడుండ్రి."

నిన్న నీ ఆట ఆడినం. ముదీర్‌ను పిలిచి ముందు కుర్చీల కూసోబెట్టినం. బఫూన్ ఏషం నేనే ఏసిన. ఆయన లెక్కనే నడుముల చెయ్యి వెట్టి, పాటపాటకు గడియారం జూసి "ఖలాస్" అన్న. క్యాంపంత కడుపు పట్టుకొని నవ్వింది. ఎవలను జూసి నవ్వుతున్నరో తెల్వక ఆయన గూడ నవ్విండు.

ఇయ్యాల సైటు మీద ఆయన "ఖలాస్" అనంగనే అందరం ఒక్కపారే నవ్వినం. నిన్న నవ్వింది ఎవలను జూసో అప్పుడు ఆయనకు సమజైంది. మొఖం నల్లవడ్డది.

సాయంత్రం పని బంద్ జేయమనెతందుకు చేతులూపిండు గని, ఆ మాట నోట్లకెల్లి రాలే.

ఇగ రానియ్యనన్నా.