దోమకు మేలు

వాట్‌గంజ్, కలకత్తా
9-8-1967

ప్రభువునందు ప్రియమైన ఆదాము గారికి, మీ భార్య లోయిస్ వందనాలు. నేను బాగున్నాను. బొబ్బిలిలో మీరూ అత్తయ్యా కుశలమని తలుస్తాను.

ఇక్కడ ఒకటే వానలు. మీ దోమలమందు పంపును కార్పొరేషన్ ఆఫీసులో అప్పగించి, మీరు సెలవులో ఉన్నారని చెప్పాను. మీరు లేక దోమలకు నా ఒక్కదాని రక్తమే దిక్కు. గల్లీలో అందరూ మిమ్మల్ని అడుగుతున్నారు, సన్యాసమ్మత్త కూడా.

మీరు వెళ్ళాక మా ఆఫీసుకు కొత్త లెక్క వచ్చింది. లెక్కల మిషను పిడి తిప్పేది నేనే కదా, నాకే ఇచ్చారు. వేల దోమల్లో ఒక్కటి మందుకు చావనిది పుడితే, దాని సంతానం ఎన్నాళ్ళకు ఊరంతా నిండుతుందన్నది లెక్క. కాగితం మీద దాన్ని 'మేలు చేసే మార్పు' అన్నారు. ఎవరికి మేలు దాదా అని మా బెంగాలీ సారును అడిగితే, దోమకే అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఒక్క దోమ చాలాసార్లు వంశం లేకుండానే పోతుంది. మందుకు చావకపోతేనేం, చేప నోట్లోనో మన అరచేతి కిందో పోవచ్చు. చీటీలు తీసినట్టు అంకెలు తీసి నేనే చూశాను. కానీ నాలుగు తరాలు నిలదొక్కుకుందా, ఇక ఆపడం కష్టం. చాలాకాలం ఎవరి కంటా పడదు. మీరు మందు కొట్టినకొద్దీ మిగతావి చచ్చి, దాని పిల్లలకు చోటిస్తాయి. ఉన్నట్టుండి ఒక వానాకాలంలో అన్నీ అవే.

మనవడు చలిజ్వరంతో పోయిన రోజు సన్యాసమ్మత్త మన గుమ్మంలో నిలబడి, మందు కొట్నాడేటి, నీళ్ళు జల్లినాడేటి అని ఏడ్చింది. మందు కలపడంలో నేనే తప్పు చేశానేమో అంటూ మీరు రైలెక్కేశారు. నాకు మనసు ఊరుకోక, మన గల్లీ దోమలను సీసాలో పట్టి సారుకు ఇచ్చాను. చిక్కటి మందు పూసిన సీసాలో ఉంచి చూశారు. తెల్లారినా ఎగురుతూనే ఉన్నాయి. తప్పు మీ చేతులది కాదండీ.

ఈ సంగతి అందరికీ చెప్పాను. అర్థం చేసుకున్నారు. తలెత్తుకుని రండి.

ఎదురుచూసే
లోయిస్

తా.క. పైన అబద్ధం రాశాను. మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. మీరు వెళ్ళినప్పటినుంచి కుళాయి దగ్గర నాతో ఎవరూ మాట్లాడరు, చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చోరు. దోమల సంగతి చెప్పబోతే సన్యాసమ్మత్త బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. గల్లీలో ఈ నిజం నమ్మేది నేనొక్కదాన్నే. ఒంటరిగా పుట్టింది ఎంత మంచిదైనా ఎంత సులువుగా పోతుందో నా చేత్తో లెక్క కట్టినదాన్ని. ఇద్దరమైతే కాస్త నిలుస్తుంది. రండి.