బ్యాడ్జి చెప్పిన అబద్ధం

పిడుగుకి,

నీ కోతన్నయ్య రాసేది. ఫోనులో అయితే మధ్యలో ఏదో వెకిలి జోకు వేసి జారుకుంటానని కాగితం పట్టాను. ఏడో క్లాసు చేతిరాత, ఓపిక పట్టి చదువు.

అంతరిక్ష కేంద్రానికి కరెంటిచ్చే ఆ రియాక్టరును నువ్వు పైకెళ్లి ఏడాది నడపాలి. ఇక్కడి షెడ్డులో దానికి గొట్టాలు బిగించింది నేను. పైన అది పొడుగాటి కాడ చివర ఉంటుందట. ఇవతలి చివర మనుషులు, మధ్యలో గొడుగంత అడ్డుగోడ. ఆ గోడ నీడ దాటితే మంట లేకుండానే మనిషి కాలిపోతాడని మీ ఇంజినీరు భోజనాల దగ్గర చెప్పాడు. చెప్పి, రెండోసారి వడ్డించుకున్నాడు మహానుభావుడు. నాకు ముద్ద దిగలేదు.

నువ్వు సెలవు పెట్టిన మూడు రోజులూ నీ కోటుకుండే బ్యాడ్జి, ఒంటికెంత రేడియేషన్ తగిలిందో చెప్పేది, నా దగ్గరే ఉంది. రియాక్టరును షెడ్డులో వెలిగించి చూసే పరీక్షకు ముందు, దాని గొట్టం వెనక దాచాను. పరీక్ష అయ్యాక తీసి మళ్లీ కోటుకు పెట్టాను. ఎవరైనా అడిగితే తమాషా అందామనుకున్నా. ఆఫీసరు కుర్చీకి జిగురు రాసినవాడికి ఇదో లెక్కా?

ఎవరూ అడగలేదు. నెలాఖరున బ్యాడ్జి చూసి, పైకెళ్లేవాళ్ల జాబితాలో నీ పేరు కొట్టేశారు. ఆ సాయంత్రం నువ్వు మా గడప మీద చెప్పులతోనే కూలబడి, "పదకొండేళ్ల కష్టం అన్నయ్యా" అన్నావు. మీ వదిన ఏడ్చింది. నేను నీ వీపు నిమిరాను. కన్నం వేసినవాడే వచ్చి ఓదార్చినట్టు.

అది తమాషా కాదు చెల్లీ. నిన్ను ఆపాలనే చేశాను. సోమవారంతో జాబితా ఖాయం చేస్తారట. తిట్టు, పడతాను.

నీ
కోతన్నయ్య

పిడుగూ,

నీ జవాబు నాలుగుసార్లు చదివాను. బ్యాడ్జి మీద నా గ్రీజు వేలిముద్ర సెలవు నుంచి వచ్చిన మొదటి రోజే చూశావట. బయట రక్తం పరీక్ష చేయించుకుంటే ఏ తేడా రాలేదట. అయినా నోరెత్తలేదు. "నాకు భయమేసింది అన్నయ్యా. ఎవరికీ చెప్పుకోలేక చస్తుంటే నువ్వే దారి చూపించావు. ఈ సంగతి కడుపులోనే పెట్టుకో" అని రాశావు.

ఎక్కడ పెట్టుకోను? నీ జవాబు రాకముందే, నీకు రాసిన ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, ధైర్యం చల్లారేలోపు తిన్నగా ఆఫీసరు గదికి వెళ్లి అంతా కక్కేశాను. నా ఉద్యోగం ఊడింది. ఊడాల్సిందే. నీ పేరు మళ్లీ ఎక్కించారు. యాభై ఏళ్లకు ఒక్క నిజం చెబితే, అదీ నీ మెడకే చుట్టుకుంది.

ఇక దాచడానికి బ్యాడ్జి లేదమ్మా. వెళ్తానన్నా, వెళ్లనన్నా ఆ మాట నీ నోటి నుంచే రావాలి. నా నోరు అరువిచ్చినా ఎవరూ నమ్మరు.

నన్నిక గేటు దాటనివ్వరు. సోమవారం పొద్దున గేటు బయటే నిలబడి ఉంటాను. నువ్వు లోపల ఏం చెప్పి వచ్చినా, ఈసారి జోకు వేయను.

నీ
అన్నయ్య