అక్క ముక్కుకు పంపిన కొవ్వొత్తులు

స్ఫాక్స్,
మార్చి 6.

నబుల్‌లో ఉన్న మా మన్నూబియా అక్కకు, చెల్లెలు దలెండా చేతులు ముద్దుపెట్టుకుని సలాములు చెప్పి రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ మేం కులాసా. మా ఆయన మొన్సెఫ్ మోకాలి నొప్పి మామూలే, సణుగుడూ మామూలే. నువ్వు మాత్రం కులాసా అని రాయకు, నేను నమ్మను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ముక్కు మాట ఎత్తగానే నువ్వు ఫోన్ పెట్టేస్తున్నావు కదా! ఉత్తరాన్ని విసిరికొట్టినా మళ్ళీ తీసి చదువుతావని నాకు తెలుసు. అందుకే నబుల్ వచ్చే టాక్సీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు కొవ్వొత్తుల సంగతి. గోరింటాకు రాత్రికి వెలిగించడానికి నారింజపూల వాసనే కావాలని, నాకు కొవ్వొత్తులు పురమాయించిన ఆ పెళ్ళికూతురి తల్లి పట్టుబట్టిందని చెప్పాను కదా. ట్యూనిస్ నుంచి తెప్పించిన నూనెలు సీసా మూత తీస్తే ప్రాణం లేచొచ్చేలా ఉన్నాయి. మైనంలో కలిపి, పోతపోసి, రెండు వారాలు ఆగి వెలిగిస్తే అసలు రంగు బయటపడుతుంది. ఒకటి కిరసనాయిలు కంపు కొట్టింది. ఇంకొకటి ఎంతసేపు వెలిగినా గదిలో ఉలుకూ పలుకూ లేదు. తలుపులు మూసి వెలిగించి, వీధిలో కాసేపు తిరిగొచ్చి మళ్ళీ వాసన చూస్తున్నాను. పొద్దస్తమానం వాటి మధ్యే ఉండి నా ముక్కు మొద్దుబారింది. మొన్సెఫ్‌ని అడిగితే అన్నీ బాగున్నాయంటాడు. ఆ మనిషి నేను మాడ్చిన కుస్కుస్‌ని కూడా బాగుందనే తిన్నాడు. అందుకే ఎప్పటిలాగే నీకు పంపాను.

ఒకప్పుడు నీ తీర్పు వినాలంటే నాకు గుండె దడ. నా మొదటి మల్లె కొవ్వొత్తిని స్నానాలగది కడిగిన నీళ్ళన్నావు. అంబరు నూనె వేసి పంపితే, అత్తరు పూసుకున్న మేక ఇంట్లో తిరుగుతున్నట్టుందే, దాన్ని ఎవరు తోలుకుపోతారే అన్నావు. ఇక నీతో మాట్లాడనని ఒట్టేసుకున్నాను. కానీ ఆ నూనె పారబోశాను, ఎందుకంటే నువ్వన్నది నిజం.

చలికాలంలో వచ్చిన ఆ జ్వరం తర్వాత నువ్వు నన్ను తిట్టడం మానేశావు. అదే నా భయం. ఈసారి పంపిన మూడింటిలో మొదటిది బాగుందే తల్లీ అన్నావు. రెండోది ఇంకా బాగుందన్నావు. మూడోది వెలిగించగానే అమ్మ పూలబుట్టతో గుమ్మంలోకి వచ్చినట్టుంది దలెండా, మారుమాట లేకుండా ఇదే ఖాయం చెయ్యి అన్నావు. ఆ మాట విని ఫోన్ మొన్సెఫ్ చేతికిచ్చి లేచిపోయాను. సంతోషం పట్టలేకపోయాననుకున్నావు. పెళ్ళివాళ్ళకి నేనింకా ఏ సంగతీ చెప్పలేదు.

మీ పక్కింటి జుబైదా మొన్న ఫోన్ చేసింది. దాని మీద కోప్పడకు. నీ పొయ్యి ఆరిపోయి, గ్యాసు ఇల్లంతా నిండి వాకిట్లోకి కొడుతుంటే పరిగెత్తుకొచ్చిందట. నువ్వు పొయ్యి పక్కనే కూర్చుని చిక్కుడు గింజలు ఒలుచుకుంటూ, ఏంటే ఆ కంగారు, కుక్క తరిమిందా అన్నావట. అది గబగబా కట్టేసి కిటికీలు తెరిస్తే, నాకు తెలుసులే, కట్టేద్దామనే లేస్తున్నానన్నావట. అక్కా, ఆ కాస్సేపట్లో నా కొవ్వొత్తి వెలిగిద్దామని అగ్గిపుల్ల గీసుంటే? ఆ ఊహ వచ్చినప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు.

నువ్వెందుకు దాస్తున్నావో నాకు తెలీదనుకోకు. నారింజలు పూతకొచ్చే రోజులు. వీధివీధంతా పూలు తెచ్చి, ఆవిరి పట్టి పూలనీరు దించమని నీ రాగి బట్టీ ముందే పోస్తుంది. కారే నీటి ఘాటు తగ్గింది, ఇక సీసా తీసెయ్యండని నువ్వంటేనే తీస్తారు. బావ పోయాక నీకు జరుగుబాటూ, గుమ్మంలో నలుగురి సందడీ ఆ మాట వల్లే. నీకు వాసన తెలియడం లేదని పొక్కితే అయ్యో పాపమంటూనే పూలు మోసుకుని పై వీధి ఖమర్ ఇంటికి పోతారు. ఆవిడ ముందు నువ్వు తల దించుకోవడం నాకూ ఇష్టం లేదు.

నా ముక్కు నిక్షేపంగా ఉంది, నీ మైనం సంగతి నువ్వు చూసుకో అన్నావు. సరే, నిక్షేపంగానే ఉందనుకుందాం. అయినా నేను వస్తున్నాను. శుక్రవారం దిగుతాను. మొన్సెఫ్ సణుగుతాడు, సణగనీ. పూలు అయిపోయేదాకా నీ దగ్గరే ఉంటాను, ఆ తర్వాత ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనొచ్చేదాకా ఆ పొయ్యి ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతాను. జుబైదా రెండు పూటలా కూర పంపుతానంది. దాని చేతికి ఉప్పు ఎక్కువ. దాన్ని తిట్టుకుంటూ తిను.

నీ చేత తిట్టించుకోక మొహం వాచిపోయిన నీ చెల్లెలు,
దలెండా.

తా.క.: ఈ ముక్క పైన రాయడానికి చెయ్యి రాలేదు. ఆ మూడో కొవ్వొత్తిలో నేను ఏ నూనే వెయ్యలేదక్కా. వట్టి మైనం, వత్తి, అంతే. ఏమే, నన్ను ఆటపట్టిస్తున్నావా అని తిడతావనే పంపాను. తిట్టాలని ఎంత కోరుకున్నానో! ఈ సంగతి మొన్సెఫ్‌కి చెప్పలేదు, జుబైదాకీ చెప్పను. బట్టీ దగ్గర నిన్ను ఆనుకుని కూర్చుంటాను. ఇన్నాళ్ళకి పని నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది దీనికి అని నలుగురిలో నన్ను ఆడిపోసుకో, పడతాను. వాసన పల్చబడగానే నీ మోచెయ్యి నొక్కుతాను. కేక మాత్రం నువ్వే వెయ్యి.