విరిచేసిన మూడో పిన్ను

ఇబ్రహీంపట్నం,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

భిక్షం అన్నకు,

పదకొండేళ్లు నీ స్టూడియోలో ఫోటోలు దిద్దిన సునంద నమస్కారాలు. నువ్వూ వదినా పిల్లలూ క్షేమమని తలుస్తాను. మన్నెగూడలో కొత్త స్టూడియోకు గాజు తలుపులు పెట్టించావని, పెళ్లిళ్ల పని తీరిక లేకుండా ఉందని విన్నాను. ఫోను చేస్తే నా నంబరు చూసి ఎత్తవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ మేము బాగానే ఉన్నాం. మా అత్తకు మోకాళ్లు పట్టేసి గడప దాటడం లేదు. నేను ఆదిభట్లలో ఒక కంపెనీకి పోతున్నాను. పొద్దున ఆరింటికి బస్సు వస్తుంది. రెండో అంతస్తులో నూట నలభై కంప్యూటర్లు ఉన్నాయి. వాటి దుమ్ము తుడవడం నా పని. మొన్న ఒక పిల్ల ఫోటోలో వెలుతురు సరిచేయడానికి తిప్పలు పడుతుంటే, ఏది నొక్కాలో చెప్పాను. ఆ పిల్ల నా ముఖం చూసి, చేతిలో గుడ్డ చూసి, నవ్వి ఊరుకుంది. ఎంత ఉరిమినా అక్కడ ఒక్క కంప్యూటర్ ఆరిపోదు. అది చూసినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు.

నేను రాయాలనుకున్న సంగతి వేరే. బస్టాండు దగ్గర చేపలమ్మే రుక్కమ్మ మొన్న గురువారం చనిపోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. పోయి చూసొచ్చాను. తల దగ్గర గోడకు కొడుకు బాలేష్ ఫోటో ఉంది. ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దగా చేయించింది. పదిహేనేళ్ల వయసప్పటి ముఖం, కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. ఇరవై నెలలు దానికే దండ వేసింది.

నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు. 2023 జూన్‌లో బాలేష్‌కు ఉద్యోగం వచ్చిందని తల్లీకొడుకులు మన దగ్గర ఫోటో దిగారు. రుక్కమ్మ చేపల గంప బయట పెట్టి, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి కొడుకు పక్కన నిలబడింది. ప్రింటుకు మళ్లీ వస్తామన్నారు. పన్నెండో రోజు ఆ పిల్లవాడు సాగర్ రోడ్డు మీద లారీ కింద పడ్డాడు. అతని ఫోటోలన్నీ ఉన్న ఫోను కూడా నుజ్జయింది. మన కెమెరా కార్డు అప్పటికే తుడిచి వేరే పెళ్లికి వాడాం. మిగిలింది కంప్యూటర్లో ఉన్నదొక్కటే. అతను పోయిన మూడో రోజు అదీ కాలిపోయింది.

ఎందుకు కాలిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అంతకు ముందు యేడే ఎలక్ట్రీషియన్ జాకబ్‌ను పిలిపించి చూపించాను. అతను బోర్డు విప్పి, "ఎర్తింగే లేదక్కా. కరెంటు జర ఎక్కువొస్తే పోయేతందుకు తొవ్వ లేదు. మిషన్ల నుంచే పోతది" అన్నాడు. వెనక గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి రాడ్డు దింపుతానన్నాడు. కొత్తగా పరిచిన టైల్స్ పగలగొట్టనివ్వనన్నావు. కంప్యూటర్ ప్లగ్గు బోర్డులో పట్టకపోతే దాని మూడో పిన్నును, ఆ ఎర్తు పిన్నునే, కటింగ్ ప్లేయర్‌తో నువ్వే విరిచేశావు. మ్యాచ్ నడుమ టీవీ ఆగొద్దని యూపీఎస్ ఇంటికి పట్టుకుపోయావు. అడిగిన ప్రతిసారీ, ఇన్నేళ్లూ ఏం కాలేదు కదా అన్నావు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి గాలి లేచినప్పుడు నీకు ఫోన్ చేసి ఆపేస్తానన్నాను. సాయంత్రానికి ఆల్బం కావాలి, ఆపొద్దన్నావు. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. మళ్లీ వచ్చినప్పుడు ట్యూబులైటు పగిలింది. కంప్యూటర్ డబ్బాలో టప్‌మని చప్పుడై కాలిన వాసన వచ్చింది. సిటీలో రిపేరు చేసేవాళ్లు హార్డ్ డిస్క్ విప్పి చూసి, ఏమీ రాదని తిప్పి పంపారు.

నాలుగు రోజులకు రుక్కమ్మ కొడుకు ఫోటో కోసం వచ్చింది. షాపు నిండా జనం. నువ్వు నా వైపు వేలు చూపించి, "మబ్బు పట్టినంక గూడ నడిపింది. బంద్ చెయ్యమంటే చెయ్యలే" అన్నావు.

రుక్కమ్మ నన్ను తిట్టలేదు. దగ్గరికి వచ్చి అడిగింది.

"బిడ్డా, ఉన్న ఒక్కటి గూడ పోగొట్టినవా?"

నేను నీ ముఖం చూశాను. నువ్వు కెమెరా బెల్టు సర్దుకుంటున్నావు. ఆ మాట ఊరంతా పాకింది. నీ దగ్గర నుంచి వచ్చేశాక ఇంకో రెండు స్టూడియోలలో పని అడిగితే, ఫోటోలు కాల్చినామె నువ్వే కదా అన్నారు.

వచ్చే ఆదివారం రుక్కమ్మ పదకొండో దినం. కూతురు రమ చేస్తోంది. ఊరివాళ్లంతా ఉంటారు. నువ్వు వచ్చి, ఆపొద్దని నువ్వే చెప్పావని నలుగురిలో ఒక్క మాట అను. చనిపోయినామెకు వినపడదు, నిజమే. రమకైనా వినపడాలి. పదకొండేళ్ల పనికి నిన్ను నేను అడిగేది ఇదొక్కటే.

వదినను అడిగానని చెప్పు.

ఇట్లు,
సునంద.

తా.క. సంతకం చేశాక కవరు అంటించబోయి ఆగిపోయాను. ఇదీ రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది.

జాకబ్ చెప్పి పోయిన వారమే నేనొక హార్డ్ డిస్క్ కొనుక్కున్నాను. ప్రతి శనివారం ఫోటోలన్నీ అందులో ఎక్కించి ఇంటికి తెచ్చుకునేదాన్ని. నవ్వుతావని నీకు చెప్పలేదు. బాలేష్ ఫోటో అందులో ఉంది. ఆ రోజు రుక్కమ్మ వచ్చినప్పుడు చెప్దామని నోరు తెరిచాను. అంతలో నువ్వు వేలు చూపించావు. ఇప్పుడు ఇస్తే నీ తప్పు మరుగున పడి నీ పరువు నిలబడుతుంది, నువ్వు మాట పడ్డాకే తీస్తాననుకున్నాను. నెలలు గడిచాయి. తర్వాత ఇద్దామంటే, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియలేదు. కోపం నీ మీద, ఏడ్చింది ఆమె. ఐదుసార్లు మా ఇంటికి వచ్చింది, ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు బిడ్డా అని. ప్రతిసారీ చాయ్ పోసి, లేదని చెప్పి పంపాను. ఆ డిస్క్ దాచిన బీరువా ఆమె వీపు వెనకే ఉండేది.

నిన్న ప్రింటు వేయించాను. ఇద్దరి ముఖాలూ తేటగా వచ్చాయి. రమకు ఇవ్వాలి. నువ్వు వచ్చి నిజం చెప్తే, నీ తర్వాత నేనూ చెప్పక తప్పదు. నిన్ను రమ్మని రాసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను అన్నా, నువ్వు రాకుంటే బాగుండునని కూడా ఉంది.