కప్పమ్మ తాగిన సగం చెంబు

అత్తా,

నువ్వు పోయి ఏడాది నిండిన రోజే కప్పమ్మ మన వీధికి వచ్చింది. ఈసారీ వాన లేదు. వేరుశనగ విత్తనాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. వాన కోసం ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా దాని మీద నీళ్లు పోయించుకుంటున్నారు.

నీ కొడుకు తలుపు గొళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

"తీసినావంటే రేపు చర్చిలో మొగం యాడ పెట్టుకోవాల?"

బయట పక్కింటి లక్ష్మక్క అరుస్తోంది. "మీరు పొయ్యకనే వాన రాలేదు. మీరేమన్నా ఈ ఊరి నీళ్లు తాగేది లేదా?"

నువ్వయితే ఈ మాటకు నవ్వేదానివి. కప్ప మీద పోయనని చెప్పి, ఎండన పడి వచ్చారని వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి తాగడానికి నీళ్లిచ్చేదానివి. నాకంత ఓర్పెక్కడిది? కోపంగానే ఆయన చేయి తప్పించి, గొళ్లెం తీసి, నీ చెంబుతోనే నీళ్లు తీసుకెళ్లాను.

"నేను పొయ్యలేనక్కా. నువ్వు తాగు."

లక్ష్మక్క సగం తాగింది. నన్నే చూస్తూ మిగిలిన సగం కప్ప మీద పోసింది.

"మీ అత్త ఇచ్చిన నీళ్లూ ఇట్లే పోస్తాంటిమి. ఆయమ్మ చూడనట్ల తల అట్ల తిప్పుకుంటాండె" అంది, మెల్లగా.

గుమ్మంలోంచి నీ కొడుకు అంతా చూశాడు. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. తెల్లవారితే ఆదివారం.

నువ్వు తల ఎటు తిప్పుకునేదానివో గాని అత్తా, నాకు ఇటు వీధి, అటు ఈయన.