గోపిక ఫోన్‌లోకి గొర్రెల్ని తోలింది ఎవరంటే

గోపికా, బువ్వ కుక్కర్‌లో ఉంది, చింతచిగురు పప్పు పొయ్యి మీద ఉంది. పళ్లెం పక్కకు తోసెయ్యకుండా తిను. మీ చిన్నాయన ఐలన్న గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పట్టించడానికి గరిడేపల్లి పోతున్నాను. పొద్దుగూకేసరికి వస్తాను.

"నా ఫోన్ల గీ గొర్రెలేంది డాడీ, ఎవలు చేసిన్రు?" అని పొద్దున నువ్వు అడిగితే తెలియదన్నాను. తెలుసు, నేనే. నిన్న ట్యూషన్‌కు పోతూ ఫోన్ మరిచిపోయావు. సందు దొరికిందని కూర్చుని గొర్రెలకు ఉన్ని కత్తిరించే వీడియోలు, మందు తాగించే వీడియోలు కళ్లు మండేదాకా చూసి, అన్నిటికీ లైకులు కొట్టాను.

వారం నుంచి ఆ ఫోన్ ముఖం తెల్లబడే క్రీములు, నడుము సన్నబడే కషాయాలు చూపించి నీ నోటికాడి ముద్ద లాక్కుంది. అల్గారిథం అంటారట. నీకు మాత్రం అన్నం మీద అలిగే రీతి నేర్పింది. ఫీడ్ అంటే దాణానే కదా, ఇక దాని దాణా నేను వేస్తాను. ఇప్పుడది నిన్ను గొర్రెల కాపరి అనుకుంటోంది. నా పగ సగం తీరింది. మళ్లీ క్రీము కనబడితే చెప్పు, ఈసారి బర్రెల్ని తోలుతాను.

డాడీ

ఇంకొకటి. ఆ క్రీము వీడియో కింద "నేను నల్లగ ఉంట, నాకు పని చేస్తదా అక్కా?" అని నువ్వు అడిగింది చదివాను. దానికి నవ్విన వాళ్ల పేర్లు కూడా చదివాను. అందులో మన వాడకట్టు పోరడు ఒకడున్నాడు. గరిడేపల్లి పోయే ముందు బండి వాళ్లింటి కాడ ఆపుతున్నాను.